కారు పికప్ తగ్గిందా? బయటి పార్ట్స్ బిగించే ముందు ఇవి చూడండి

పికప్ తగ్గగానే బయటి పార్ట్స్ బిగించేద్దాం అనుకునే కారు ఓనర్లు ఎక్కువే. కానీ చాలాసార్లు సమస్య చిన్నదే ఉంటుంది.

ఎయిర్ ఫిల్టర్: వైరా నుంచి కొత్తగూడెం, భద్రాచలం వైపు లారీల వెనక, పొలాల దారుల్లో తిరిగే బండ్లకు దుమ్ము బెడద ఎక్కువ. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కు గాలి సరిగా అందదు. చిరిగిన ఫిల్టర్ ఇంకా డేంజర్. దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులు, సిలిండర్‌ను అరగదీస్తుంది. తర్వాత బండి ఆయిల్ తాగుతుంది, నీలం పొగ వదులుతుంది. ఫిల్టర్‌తో పోయేది ఇంజిన్ పని దాకా వెళ్తుంది.

ఇంజిన్ ఆయిల్: మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయించాలి. దుమ్ము రోడ్లలో తిరిగే బండికి ఆయిల్, ఫిల్టర్ గడువు కంటే ముందే మార్చాలి.

సైలెన్సర్, ఇంజిన్ మార్పులు: 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఎ(4) ప్రకారం, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు రూ.5 వేల ఫైన్, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మార్పుల సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ టైంలోనూ చిక్కులు తప్పవు.

బయటి పార్ట్ కొన్నా బిల్లు తప్పక తీసుకోండి. అంతకంటే ముందు ఓసారి ఫిల్టర్ బాక్స్ తెరిచి చూడండి!