భాషాల్పసంఖ్యాకుల హక్కులు – సుప్రీంకోర్టు వ్యాఖ్యానము

1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రములు భాషాప్రాతిపదికపై పునర్వ్యవస్థీకరింపబడి ఆంధ్రప్రదేశ్ అవతరించినది. అయినను తెలుగువారందరును ఆ యెల్లలలోనికి రాలేదు. బళ్ళారి, కోలారు, హోసూరు, బరంపురము, షోలాపురము మొదలగు పట్టణములలో తరతరములుగా స్థిరపడియున్న మన కుటుంబములు పొరుగు రాష్ట్రములలోనే నిలిచినవి. అట్టివారి భాషకు రాజ్యాంగము చేసిన వాగ్దానమెట్టిది, ఆ వాగ్దానమునకు సుప్రీంకోర్టు చెప్పిన యర్థమెట్టిది యను విషయమును సంగ్రహముగా పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 29, 30 అధికరణములు మనకు ముఖ్యమైనవి. తమదైన భాష, లిపి, సంస్కృతి గల ఏ పౌరవర్గమైనను వానిని కాపాడుకొనవచ్చునని 29వ అధికరణము మొదటి ఖండము. ప్రభుత్వము నడుపునట్టి, లేక ప్రభుత్వ ధనసహాయము పొందునట్టి విద్యాలయములలో మతము, జాతి, కులము, భాష అను కారణములచేత మాత్రమే ఏ పౌరునకును ప్రవేశము నిరాకరింపరాదని రెండవ ఖండము. మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాలయములను స్థాపించి నిర్వహించుకొనవచ్చునని 30వ అధికరణము. ఈ మాటలు కొలదియే. వాని వైశాల్యము వ్యాజ్యములవలన తెలియవచ్చినది.

1954 జనవరి 6న బొంబాయి ప్రభుత్వము, ఆంగ్లో-ఇండియనులును ఆసియా సంతతికి చెందని పౌరులును తప్ప తక్కినవారి బిడ్డలను ఇంగ్లీషు మాధ్యమ తరగతులలో చేర్చుకొనరాదని ఉత్తరువు చేసినది. దేవలాలిలోని బార్న్స్ హైస్కూలును నడుపు సంఘము కోర్టుకెక్కినది. జాతీయభాషను పెంపొందించుటయే తమ యుద్దేశమని ప్రభుత్వము వాదించినది. ఉద్దేశము శ్లాఘనీయమే కావచ్చును గాని, భాషను కారణముగా చూపి బిడ్డకు ప్రవేశము నిరాకరించుటయే ఉత్తరువు యొక్క ఫలమైనపుడు అది చెల్లదని సుప్రీంకోర్టు అదే సంవత్సరము మే 26న తీర్పు చెప్పినది. హక్కును కొలుచునపుడు ప్రభుత్వ మనస్సును గాక, పౌరునకు కలిగిన నష్టమును చూడవలెనని దీని సారాంశము.

తరువాత, అల్పసంఖ్యాకులనగా నెవరు అను ప్రశ్న వచ్చినది. కేరళ విద్యాబిల్లుపై రాష్ట్రపతి సలహా కోరగా, 1958 మే 22న ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఆర్. దాస్ తమ యభిప్రాయమును తెలిపిరి. రాష్ట్రమంతటికిని వర్తించు శాసనమైనచో, రాష్ట్ర జనాభానంతటిని లెక్కకు తీసికొనవలెనని అందు నిర్ణయించిరి. నిర్వహణహక్కు దుర్నిర్వహణకు హక్కు కాదనియు హెచ్చరించిరి. 1971లో పంజాబులోని డి.ఏ.వి. కళాశాల వ్యాజ్యము నందును, 2002 అక్టోబరు 31న కర్ణాటకకు సంబంధించిన టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ వ్యాజ్యము నందును ఈ సూత్రము స్థిరపడినది. రెండవదానిని పదునొకండుగురు న్యాయమూర్తులు విచారించిరి. రాష్ట్రములు భాషనుబట్టి యేర్పడినవి గనుక భాషాల్పసంఖ్యాకులను గుర్తించుటకు రాష్ట్రమే ప్రమాణమని వారి తీర్పు. దేశమున కోట్లాది జనుల భాషయైన తెలుగు, కర్ణాటకమునందును తమిళనాడునందును ఒడిశా, మహారాష్ట్రములందును అల్పసంఖ్యాకుల భాషగా రక్షణ పొందుట దీనివలననే. ఏ సరిహద్దు మనలను కొద్దిమందిగా చేసినదో, ఆ సరిహద్దే మన హక్కునకు ఆధారమైనది.

భాషను కాపాడుకొనుటయనగా ఇంట మాటలాడుకొనుట మాత్రమేనా? 1962లో ఝజ్జర్ లోక్‌సభ స్థానమునుండి గెలిచిన జగదేవ్‌సింగ్ సిద్ధాంతి హిందీభాష పేర వోట్లడిగినాడని అభియోగము వచ్చినది. ఆ ప్రాంతము నాడు పంజాబులోనిది. భాషారక్షణకై ఉద్యమించుట సైతము 29వ అధికరణమున ఇమిడియున్నదని 1964లో సుప్రీంకోర్టు తేల్చి, ఆయన యెన్నికను నిలిపినది.

ఈ హక్కునకు మితియును గలదు. మహారాష్ట్రములో గుజరాతీ అల్పసంఖ్యాకులు నడుపు ఇంగ్లీషు పాఠశాలలలో మరాఠీని తప్పనిసరి పాఠ్యాంశముగా చేయుట న్యాయమేనని 2004లో తీర్పు వచ్చినది. నివసించు రాష్ట్రపు భాషను నేర్చుట తన భాషను విడుచుట కాదు. కన్నడమును గాని ఒరియాను గాని చక్కగా నేర్చిన మన పెద్దలు ఈ సంగతిని తీర్పునకు ముందే యెరిగియుండిరి.

అన్నింటికంటె గంభీరమైనది 2014 మే 6 నాటి కర్ణాటక తీర్పు. మొదటి నాలుగు తరగతులలో మాతృభాషలో గాని కన్నడములో గాని బోధింపవలెనను 1994 నాటి ఉత్తరువును ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నిరాకరించినది. ప్రభుత్వము మాతృభాషను బోధనాభాషగా నిర్బంధింపజాలదనియు, బిడ్డ మాతృభాష యేదో నిర్ణయించువారు తల్లిదండ్రులే యనియు చెప్పినది. ఇది స్వేచ్ఛయే, అయినను బరువైన స్వేచ్ఛ. అంతవరకు సర్కారుపై మోపుచున్న నిందలో సగము ఇకమీదట మన యింటిపైకి వచ్చినది.

పైని చెప్పిన వ్యాజ్యములను నడిపినవారు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ, కొంకణి, గుజరాతీ వర్గములవారు. వారి శ్రమఫలము మనకును దక్కినది. దానిని నిలుపుకొనుటకు మార్గము సులభమే. 1949లో రాష్ట్ర విద్యామంత్రుల సభ, తరగతిలో 10 మందియో పాఠశాలలో 40 మందియో బిడ్డలున్నచో వారి మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో చేరిన 350-ఏ అధికరణమును రాష్ట్రములకు విధించినది. తెలుగు తరగతిని మూయించు ఉత్తరువు వచ్చినచో ప్రశ్నించుటకు న్యాయస్థానము గలదు. బిడ్డలు లేక మూతపడిన తరగతికి ఏ న్యాయస్థానమును దిక్కు కాజాలదు. కావున బిడ్డను బడిలో చేర్చునాడు, దరఖాస్తులో మాతృభాష యను గడి యెదుట తెలుగు అని వ్రాయుట మన తల్లిదండ్రులు మరువకుందురుగాక.