ఆల్బనీ వైద్యుఁడు, అలక్షితవ్యథ

గర్భాశయపు లోపొరను బోలిన కణజాలము అండకోశములపైనను ఉదరకుహరమునందును పెరిగి, నెలనెలయు దుస్సహమగు నొప్పిని, పలువురకు సంతానలేమిని గల్గించు ఎండోమెట్రియోసిస్ వ్యాధిని, న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్బనీ నగరమున శస్త్రవైద్యుఁడగు జాన్ సాంప్సన్ 1921లో వివరముగా వర్ణించి, 1927లో ఋతురక్తము బీజవాహికలగుండ వెనుకకు ప్రవహించుటయే దీనికి మూలమని ప్రతిపాదించెను. అటుపిమ్మట బోస్టను వైద్యుఁడు జో మెయిగ్స్ మున్నగువారు ఆలస్యవివాహమును హేతువుగా నెంచి, శీఘ్రసంతానము నుపదేశించిరి. బాధపడు స్త్రీనే దోషినిగా నిలిపిన యీ తలంపు ఎంతయు శోచనీయము. నల్లజాతి స్త్రీల కిది అరుదన్న నమ్మకము మఱింత క్రూరమైనది. వారి నొప్పిని కటికుహరపు అంటురోగముగా నిర్ణయించుచుండిరి. షికాగో వైద్యుఁడు డొనాల్డ్ చాట్‌మన్ 1976లో ఆ నిర్ణయములలో ననేకములు పొరపాటులని చూపెను. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కను బట్టి ప్రసవయోగ్యవయస్సునందలి స్త్రీలలో నూటికి సుమారు 10 మంది, అనఁగా 19 కోట్లమంది, ఈ వ్యాధిగ్రస్తులే.