పాతబస్తీ ఝూమర్లు, సాలార్‌జంగ్ గాజు

హైదరాబాద్ పాతబస్తీలోకి అలంకార గాజు వచ్చింది బీరువాల్లో పెట్టి చూసుకోవడానికి కాదు, వెలుతురు కోసం. 19వ శతాబ్దంలో దేవిడీల్లో, అంటే నవాబుల భవంతుల్లో, రాత్రి కొలువు తీరాలంటే కొవ్వొత్తులూ నూనె దీపాలే దిక్కు. ఆ కొద్ది మంటల్ని హాలంతా పరిచింది సీసం కలిపిన గాజు. ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో పేటెంటు పొందిన తర్వాత ఈ గాజు అక్కడ స్థిరపడింది. మామూలు గాజు కంటే మెత్తన కనుక సాన మీద పలకలు తీయడం తేలిక. కాంతిని ఎక్కువగా వంచుతుంది కనుక ప్రతి పలకా మెరుస్తుంది.

గాజు మనవాళ్లకు కొత్తదేమీ కాదు. మెదక్ ప్రాంతపు కొండాపూర్‌లో శాతవాహనుల నాటి పూసలు దొరికాయి. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో గాజును గొట్టంగా సాగదీసి పూసలు కోసే పాత విద్య మన కాలం దాకా నిలిచింది. అయితే ఈ పనితనమంతా ఒంటి మీది పూసలకూ చేతి గాజులకూ పరిమితమైంది. ఝూమర్ల (షాండ్లియర్ల) వంటి హాలు నింపే గాజు యూరప్ నుంచే రావాల్సి వచ్చింది.

బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆస్లర్ కంపెనీ 1840లలోనే కలకత్తాలో దుకాణం తెరిచింది. 1851 లండన్ మహా ప్రదర్శనలో 27 అడుగుల గాజు ఫౌంటెన్ నిలబెట్టిన సంస్థ అది. మన దేశపు రాజాస్థానాలు దానికి పెద్ద గిరాకీ. హైదరాబాద్ విషయానికొస్తే, 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టిన నిజాముల మహలు చౌమహల్లా, అఫ్జల్ ఉద్దౌలా పాలనలో (1857–69) పూర్తయింది. అక్కడి ఖిల్వత్ దర్బారు హాలులో బెల్జియం ఝూమర్లు 19 ఉన్నాయి. 1884లో వికారుల్ ఉమ్రా పునాది వేసిన ఫలక్‌నుమా మహలులో వెనీస్ ఝూమర్లు వేలాడాయి.

వందల లోలకాలున్న ఝూమర్‌కు కొవ్వొత్తి మసి పడుతూనే ఉంటుంది. తుడవకపోతే వెలుగే రాదు. కాబట్టి దాన్ని దించి, విప్పి, కడిగి, తిరిగి కట్టే మనుషులు కొలువులో ఉండి తీరాలి. కొన్నవాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి, కడిగినవాళ్లవి లేవు. నా దృష్టిలో ఆ గాజును కాపాడింది మాత్రం వాళ్లే. 1910లో హైదరాబాద్ రాజ్యంలో విద్యుత్ శాఖ ఏర్పడి, క్రమంగా మహళ్లకు కరెంటు దీపాలు వచ్చాయి. మసి పోయింది, మంచిదే. దాంతోపాటు నిత్యం తుడవాల్సిన అవసరమూ తగ్గింది. వాడకంలో ఉన్న గాజు కంటే మరచిపోయిన గాజే త్వరగా పాడవుతుంది.

ఇదే కాలంలో గాజును చూడదగ్గ కళగా కూడబెట్టినవాడు మీర్ యూసుఫ్ అలీఖాన్, అంటే మూడవ సాలార్‌జంగ్ (1889–1949). 1912లో నిజాంకు దివాను (ప్రధానమంత్రి) అయ్యాడు, 1914లో ఆ పదవి వదులుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా, మూడు దశాబ్దాలకు పైగా, సేకరణకే ఇచ్చాడు. మూసీ ఒడ్డున దివాన్ దేవిడీ గదులు గదులుగా నిండిపోయింది. ఆయన గాజులో వెనీస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండుల పని ఉంది. వెనీస్ కళాకారులు 1291 నుంచి మురానో దీవిలో కొలిమి పెట్టుకున్నవాళ్లు. సోడా కలిపిన వాళ్ల గాజు వేడిలో ఎక్కువసేపు సాగుతుంది కనుక రెక్కలూ పూలూ ఊదడం, లాగడం వాళ్ల సొత్తు. బొహీమియావాళ్ల పొటాష్ గాజు గట్టిది, తిరిగే చక్రంతో చెక్కుడుకు అనువైనది. పైన ఎర్ర పొర పూసి, దాన్ని చెక్కి, లోపలి రంగులేని గాజును బయటపెట్టడం వాళ్ల పద్ధతి. ఈ రెండు తీరులూ ఒకే చోట పోల్చి చూడగలగడం ఈ నగరానికి దక్కిన అదృష్టం.

1949 మార్చిలో వారసులు లేకుండా ఆయన కన్నుమూశాక ఈ సంపద చెదిరిపోయే ప్రమాదం వచ్చింది. అప్పటి హైదరాబాద్ రాష్ట్ర పాలనాధికారి ఎం.కె. వెల్లోడి చొరవతో కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువుల్ని ఓ క్రమంలో పెట్టాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే సాలార్‌జంగ్ మ్యూజియంను నెహ్రూ ప్రారంభించారు. 1961 చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో దారుల్‌షిఫా దగ్గరి ఇప్పటి భవనానికి మారింది.

మిగతా దేవిడీలకు ఆ అదృష్టం లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఎన్నో ఇళ్ల సామాను అమ్మకానికి వచ్చింది. ఝూమర్‌ను విడగొట్టి లోలకాలు విడివిడిగా అమ్మడం అన్నిటికంటే పెద్ద నష్టం. ఒకసారి చెదిరిన జత మళ్లీ కలవదు. చౌమహల్లా మాత్రం ఈ శతాబ్ది మొదట్లో నిజాం కుటుంబపు యువరాణి ఎస్రా పూనికతో కోలుకుంది. ఝూమర్లు తిరిగి వేలాడాయి, 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది.

ఇప్పుడు కొనేవాళ్లకు ఒక మాట. ఫ్రెంచి గాజు కళాకారుడు గాలే సంతకం కనబడగానే నమ్మకూడదు. పక్కన ‘టిప్’ అన్న అక్షరాలుంటే అది రుమేనియాలో చేసిన ఈ కాలపు నకలు. నూరేళ్లు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించడానికి 1972 పురావస్తు చట్టం అడ్డు.

ఇంట్లో ఉన్నదానికి జాగ్రత్తలు కష్టమైనవి కావు. ప్లాస్టిక్ టబ్బులో తువాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా తేలికపాటి సబ్బు వేసి, ఒక్కొక్కటే కడగాలి. బంగారు పూత, రంగు పూత ఉన్నవాటిని నీళ్లలో ముంచకూడదు. నూలు చేతొడుగులు జారతాయి, శుభ్రమైన చేతులే నయం. సున్నం పాలు తగ్గిన పాత గాజు వానాకాలపు తేమకు చెమర్చుతుంది. తాకితే జిగురుగా ఉంటుంది, తర్వాత సన్నని పగుళ్లు వస్తాయి. అలాంటిదాన్ని గాలి ఆడని బీరువాలో మూసి ఉంచకుండా, తేమ నిలకడగా ఉండే చోట పెట్టాలి. ఝూమర్ విప్పే ముందు ఫొటోలు తీసి, ప్రతి కొమ్మకూ అంకె చీటీ కట్టాలి. ఏడాదికోసారి కొక్కెం, గొలుసు పరీక్ష చేయించాలి. లోలకాల తీగలు ఇత్తడివే వేయించాలి. ఇనుపవి వేస్తే తుప్పు మరక గాజు చిల్లులోకి దిగుతుంది, దాన్ని వదిలించడం చాలా కష్టం.