గాలానికి కట్టిన పెళ్లికూతురు

‘నింఫ్’ అంటే గ్రీకులో పెళ్లికూతురు, పడుచుపిల్ల. కీటకశాస్త్రంలో రెక్కలు రాని పిల్ల పురుగు. తూనీగల్లాంటి వాటికి ఆ బాల్యమంతా నీళ్లలోనే. చలికాలం చివర, నీటి పైన రెక్కల పురుగులు అంతగా లేనప్పుడు, ట్రౌట్ చేప అడుగునే ఉండి ఈ పిల్ల పురుగుల్ని తింటుంది. వేటగాడు గాలానికి ఈక, దారం చుట్టి పురుగు రూపం చేసి నీళ్లలో వదులుతాడు. స్క్యూస్ అనే లండన్ న్యాయవాది దీన్నొక పద్ధతిగా నిలబెట్టాడు. రాగి తీగ చుట్టి అడుగుకు దించడం తర్వాత ఫ్రాంక్ సాయర్ నేర్పాడు. నింఫ్‌తో పట్టడం మర్యాదైన వేటేనా అని 1938లో ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో పెద్ద చర్చే జరిగింది. చేపని ఎలా చంపితే పెద్దమనిషి తరహా అని!

ఆ పెద్దమనుషుల విద్యకి ఇంగ్లీషులో అచ్చయిన తొలి పుస్తకం 1496 నాటిది. దాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందంటారు. అసలు ఆమె ఉందా అని పండితులకి అనుమానం. సరైన ఆధారం లేదన్నది నిజమే. కానీ ఆ పుస్తకంలో గాలాలు చేసే తీరు చూడండి. బుటాపని సూది, దర్జీ సూది తీసుకుని నిప్పుల్లో ఎర్రగా కాల్చి వంచమంటుంది. రాసిందెవరైనా, ఆ సూది మాత్రం కుట్టుపెట్టెలోదే.

ట్రౌట్ మన దేశానికి దొరల సరదా కోసం వచ్చింది. ఫ్రాన్సిస్ డే 1860ల్లో నీలగిరికి తెచ్చే ప్రయత్నం చేసి విఫలమయ్యాడు. అయినా 1879లోనే మద్రాసు ప్రభుత్వం నీలగిరి వేటజంతువులనీ చేపలనీ కాపాడే చట్టం చేసింది. ఇదే డే 1873 నివేదికలో దేశంలోని నదుల్లో చేపలు తగ్గడానికి సన్న కన్నుల వలల్ని తప్పుపట్టాడు. 1897 మత్స్య చట్టం వలల కొలతల మీద నిబంధనలు పెట్టే అధికారం ప్రభుత్వానికిచ్చింది. పిల్లచేపలు మిగలాలన్న మాటలో న్యాయముంది. కానీ సన్న వల ఎవరిదని ఆ కాగితాలు అడగవు.

అప్పటికి కడప జిల్లా కూడా ఆ మద్రాసు రాజ్యంలోదే. జమ్మలమడుగు పేరులోనే జమ్మూ మడుగూ ఉన్నాయి. ఆనకట్టలకి ముందు మాఘమాసానికి పెన్న ఇక్కడా ప్రొద్దుటూరు దగ్గరా పాయలై, మడుగులై మిగిలేది. మోకాటి లోతు నీళ్లలో ఇద్దరాడవాళ్లు పాత చీర చెరో కొసా పట్టుకుని దేవితే పరిగెలు, జెల్లలు దొరికేవి. పూటకి పులుసు, మిగిలితే ఎండబెట్టుకోవడం. చీర కంటే సన్న వల ఏముంది? దొర లెక్కన అది నాశనం. ఇంటి లెక్కలో అది కూడా వంటపనే. దాన్ని ‘వేట’ అని ఎవరూ అనలేదు. స్కాట్లండులో 1922లో టే నదిలో జార్జినా బాలంటైన్ 64 పౌన్ల సాల్మన్ పట్టింది. బ్రిటన్‌లో గాలంతో పట్టిన సాల్మన్లలో ఆ రికార్డు ఇంకా చెరగలేదు. తూకం ఉంది కాబట్టి పేరుంది. పరిగెల్ని ఎవరు తూస్తారు?

ఇప్పుడు మైలవరం, గండికోట, పులివెందుల వైపు చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. నీళ్లొచ్చినందుకు సీమ మనిషిగా నాకు సంతోషమే. 2020లో గండికోట ముంపుకి తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయిందనీ మరిచిపోలేను. లోతు నీళ్లలో చీర పనికిరాదు. పుట్టి కావాలి, వల కావాలి, లైసెన్సు కావాలి. ఆడవాళ్లు గట్టున కత్తిపీట ముందేసుకుని పొలుసు గీరుతుంటారు.