ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎంపిక

ట్రాక్టర్ గేర్‌బాక్సు, వెనక ఇరుసు, లిఫ్టు ఉండే హౌసింగులో పోసే నూనెను గేర్ ఆయిల్ అనీ, హైడ్రాలిక్ ఆయిల్ అనీ పిలుస్తారు. పాత మోడళ్లు కొన్నింటిలో ఇవి వేర్వేరు నూనెలు. ఇప్పటి ట్రాక్టర్లు చాలావాటిలో ఒకే నూనె పళ్లచక్రాలను కాపాడుతుంది, లిఫ్టును లేపుతుంది, ఆయిల్ బ్రేకుల ప్లేట్లను తడిపి చల్లబరుస్తుంది. ఉదాహరణకు, కామారెడ్డి జిల్లా బీర్కూర్ మండలం మంజీర ఒడ్డున, నిజాంసాగర్ (నిర్మాణం 1923–31) ఆయకట్టులో ఉన్న వరి ప్రాంతం. ఇలాంటి చోట కేజ్‌వీల్స్ వేసుకుని కరిగెట్లు దున్నే బండికి నూనె ఎంపిక ఎంత ముఖ్యమో, దాన్ని నీళ్లపాలు కాకుండా చూసుకోవడమూ అంతే ముఖ్యం.

ఎంపికను తేల్చేది బ్రేకులు. ఆయిల్ బ్రేకుల ప్లేట్లు నూనెలో మునిగి ఉండి, పెడల్ తొక్కగానే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. నూనె మరీ జారుడుదైతే ప్లేట్లు పట్టుకోవు, ధాన్యం ట్రాలీతో దిగుడులో బండి ఆగదు. జారుడు తగ్గితే తొక్కినప్పుడల్లా కీచుమంటూ వణుకుతాయి. ఈ రెంటి మధ్య పట్టు కుదిర్చే రసాయనాలు కలిపిన నూనెనే యూటీటీఓ అంటారు. డబ్బా మీద ఆ మాటతో పాటు కంపెనీ సంకేతమూ ఉండాలి: జాన్ డీర్‌కు జేడీఎం జే20సీ, మాసీ ఫెర్గూసన్‌కు ఎం1145 వంటివి. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలోని సంకేతం డబ్బా మీద లేకపోతే, దుకాణదారు ఎంత నచ్చజెప్పినా అది వేరే నూనె కిందే లెక్క.

గేర్ ఆయిల్ డబ్బాల మీది జీఎల్-5 అన్న గుర్తు జీఎల్-4 కంటే పెద్ద అంకె కాబట్టి మేలైనదనుకోవడం మామూలు పొరపాటు. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. అవి కొన్ని రకాల ఇరుసులకు బాగుంటాయి కానీ, గేర్‌బాక్సులోని ఇత్తడి, కంచు భాగాలను తినేయవచ్చు. ఆయిల్ బ్రేకులకు అసలు పనికిరావు. చిక్కదనం అంకెల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. గేర్ ఆయిల్ 90, ఇంజిన్ ఆయిల్ 40 వేర్వేరు కొలబద్దల మీదివి, నిజానికి రెండూ దగ్గర దగ్గర చిక్కదనమే. శబ్దం తగ్గుతుందని 140 నూనె పోస్తే యాసంగి నాట్ల కాలంలో, జనవరి చలి పొద్దున పంపు దాన్ని లాగలేక కూస్తుంది, లిఫ్టు మెల్లగా లేస్తుంది.

బురదనీరు ఇరుసు సీళ్ల నుంచి, గాలి రంధ్రం నుంచి లోపలికి చేరుతుంది. గేజి తీసి చూస్తే నూనె పాలు కలిపిన చాయ్‌లా కనిపిస్తుంది. అంతదాకా రాకముందే పట్టుకునే మార్గం ఒకటుంది. నూనె కంటే నీరు బరువు కాబట్టి రాత్రంతా కదలకుండా నిలిపిన బండికి పొద్దున్నే కింది డ్రెయిన్ ప్లగ్గును కొంచెం వదులు చేస్తే ముందుగా నీటి చుక్కలే కారతాయి. పూర్తిగా కలిసిపోయిన నీటికి ఇంకో పరీక్ష: బాగా కాలిన ఇనుప రేకు మీద నూనె చుక్క వేస్తే, అందులో నీరుంటే చిటపటమంటుంది. ఆ నూనెను వడగట్టి మళ్లీ పోయడం దండగ. సీలు మార్చకుండా కొత్త నూనె పోయడమూ అంతే. హౌసింగులో మోడల్‌ను బట్టి 30 నుంచి 60 లీటర్ల దాకా పడుతుంది కాబట్టి ఇది చిన్న ఖర్చేమీ కాదు.

నూనె పాడవడానికి పుస్తకాల్లో అరుదుగా కనిపించే కారణం ఒకటుంది: టిప్పింగ్ ట్రాలీ. దాని సిలిండరు ట్రాక్టర్ హౌసింగులోని నూనెతోనే లేస్తుంది. దింపాక కొంత నూనె పైపులోనూ సిలిండర్లోనూ మిగిలిపోతుంది. కోతల సీజన్లో అదే ట్రాలీని ఇంకో ట్రాక్టరుకు తగిలిస్తే మొదటి బండి నూనె, దానితో వచ్చిన మురికి, నీరు, రెండో బండిలోకి పోతాయి. అరువు ట్రాలీ నడిపేవారు ఏడాది దాకా ఆగకుండా ముందే నూనె చూసుకోవడం మంచిది.

ట్రాక్టర్ బ్రేకుల్లో చూసిన ఈ పట్టు, జారుడు లెక్క ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సుల్లో మరింత సున్నితం. 1940 మోడల్ ఓల్డ్‌స్‌మొబైల్‌తో హైడ్రామాటిక్ గేర్‌బాక్సు వచ్చింది, 1949లో జనరల్ మోటార్స్ టైప్-ఏ నూనె ప్రమాణం పెట్టింది. అప్పట్లో జారుడు కుదర్చడానికి ఒక జాతి తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించే జీవుల్లో చేర్చాక ప్రత్యామ్నాయాలు వెతకాల్సి వచ్చింది. మన దగ్గర 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే. దానికి గేర్ ఆయిల్ పోస్తారు, గేర్లు మార్చే యంత్రానికి వేరే ద్రవం. సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్)లో ఇనుప బెల్టు పుల్లీని పట్టుకోవాలి కాబట్టి దానికి సీవీటీ ద్రవమే. టార్క్ కన్వర్టర్ ఉన్న మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సులకే అసలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్).

ఏటీఎఫ్ ఎర్రగా ఉండటం కారుతున్నది ఏదో తేలిగ్గా గుర్తుపట్టడానికి కలిపిన రంగు వల్ల. నాణ్యతకు దానితో సంబంధం లేదు. పవర్ స్టీరింగుకు వేరే ట్యాంకు ఉన్న వాహనాలు చాలావాటిలో ఇదే పోస్తారు. ఆ ఎర్ర డబ్బా షెడ్డులో మిగిలి ఉందని హౌసింగులో కలపకూడదు: యూటీటీఓ కంటే అది పలుచన, పళ్లచక్రాల బరువు మోయలేదు.