బేస్‌బోర్డ్ హీటర్: లోపాలు, పరీక్ష

బేస్‌బోర్డ్ హీటర్ అంటే గోడ అడుగున, ఎక్కువగా కిటికీ కింద, బిగించే పొడవాటి విద్యుత్ హీటర్. లోపల నిక్రోమ్ తీగ ఉన్న లోహపు గొట్టం, దానికి అల్యూమినియం రేకులు ఉంటాయి. చల్లగాలి కింది నుంచి దూరి, వేడెక్కి పైకి పోతుంది. ఫ్యాను ఉండదు. సామర్థ్యం అడుగు పొడవుకు సుమారు 250 వాట్లు. శ్రీ వేంకటేశ్వర ఆలయం వల్ల తెలుగువారికి బాగా తెలిసిన క్యారీ (నార్త్ కరోలినా)లో జనవరి రాత్రులు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరకు దిగుతాయి. ఇల్లంతటికీ హీట్ పంపు లేదా గ్యాస్ ఫర్నేసు ఉన్నా, తర్వాత కట్టుకున్న గదికి ఈ హీటరే దిక్కు కావచ్చు.

మరమ్మతుకు ముందు వైరింగు తెలియాలి. మన ఊళ్లలో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు. అమెరికాలో ఇంటికి రెండు ఫేజు తీగలు వస్తాయి. న్యూట్రల్‌తో ఒక్కొక్కదానికి 120, రెండింటి మధ్య 240 వోల్టులు. 240 వోల్టుల హీటర్‌కు వచ్చే రెండు తీగలూ ఫేజులే. సింగిల్ పోల్ థర్మోస్టాట్ వాటిలో ఒకదాన్నే తెంచుతుంది, హీటర్ చల్లబడ్డా రెండోదాంట్లో కరెంటు ఉంటుంది. స్విచ్ కట్టేసి పని మొదలుపెట్టే మన అలవాటు ఇక్కడ ప్రాణాంతకం. ప్యానెల్‌లో జంట బ్రేకర్ ఆపి, తీగల మధ్య ఒకసారి, ఒక్కో తీగకూ ఎర్త్‌కూ మధ్య మరోసారి మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి.

వేడి రాకపోతే మొదట బ్రేకర్ చూడాలి. ట్రిప్ అయితే ఒక్కసారి వేయవచ్చు. మళ్లీ పడిపోతే షార్టో, అధిక లోడో ఉన్నట్టే, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. బ్రేకర్ బాగుంటే తీగలు విప్పి ఎలిమెంటు నిరోధం కొలవాలి. 1500 వాట్ల, 240 వోల్టుల హీటర్‌కు 38 ఓములు రావాలి. అనంతం చూపిస్తే ఎలిమెంటు తెగింది, లేదా లిమిట్ స్విచ్ తెరుచుకుంది. సోఫా, పరదా అడ్డుపడి హీటర్ మితిమీరి వేడెక్కితే కరెంటు ఆపేది ఈ స్విచ్చే. వేడి మరీ తక్కువైతే సరఫరా వోల్టేజి కొలవాలి, ఎందుకంటే 240 వోల్టుల హీటర్‌ను 120కి కలిపితే నాలుగో వంతు వేడే వస్తుంది.

సీజన్లో తొలిసారి వేసినప్పుడు దుమ్ము కాలిన వాసన, లోహం సాగుతూ చేసే టిక్‌టిక్ మామూలే. ప్లాస్టిక్ కాలిన వాసన మాత్రం ప్రమాద సూచన, వెంటనే బ్రేకర్ ఆపాలి.

అద్దె ఇళ్లలో యజమాని అమర్చిన హీటర్‌ను బాగుచేయించే బాధ్యత నార్త్ కరోలినా చట్టం ప్రకారం అతనిదే. అత్యవసరమైతే తప్ప, అద్దెదారు లోపాన్ని రాతపూర్వకంగా తెలపాలి.