గోధుమ కుంకుమ తెగులు వెంట ఒక జీవితం

మన ఊళ్ళో వరికి అగ్గి తెగులు తగిలిందంటే ఆ ఏడు ఇంట్లో పెళ్ళి మాట వెనక్కి పోయేది. అమెరికా గోధుమ రైతుకి అలాంటి పీడకల కుంకుమ తెగులు. కాండం మీద ఇటుక రంగు పొడి లేచి గింజ తాలైపోతుంది. ఈ శిలీంధ్రం వెంట జీవితమంతా తిరిగిన ఎల్విన్ స్టాక్‌మన్ గురించి ఈవేళ నాలుగు మాటలు.

1885లో విస్కాన్సిన్‌లో పుట్టారాయన. 1913లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకుని అక్కడే ఉండిపోయారు. 1916లో ఈ తెగులు ఉత్తరాది పొలాలను ఊడ్చేసింది. అసలే యుద్ధకాలం. ఈ శిలీంధ్రానికి గోధుమతోపాటు బార్బెర్రీ అనే ముళ్ళపొద కూడా ఆశ్రయమని 1865 నుంచీ తెలుసు. అందుకని 1918లో ఆ పొదలు పీకే ఉద్యమం మొదలుపెట్టారు. స్టాక్‌మన్ ముందు నిలిచారు. బడిపిల్లలకి పతకాలిచ్చి మరీ పొదలు వెతికించారు. (ముచ్చటపడి పెరట్లో పెంచుకున్న మొక్కని సర్కారువాళ్ళొచ్చి పీకేస్తుంటే ఆ ఇల్లాళ్ళేమన్నారో!)

పొదలు పోయినా తెగులు పోలేదు. స్టాక్‌మన్ బృందం వాజలైన్ పూసిన గాజు పలకలతో విమానం ఎక్కింది. వేల అడుగుల ఎత్తున సిద్ధబీజాలు ఆ పలకలకి అంటుకున్నాయి. చలికాలం మెక్సికో, టెక్సాస్‌లలో గడిపి, వసంతంలో గాలి మీద ఉత్తరానికి వస్తున్నాయన్నమాట. పైగా శత్రువు ఒక్కటి కాదు. పన్నెండు గోధుమ రకాల మీద పరీక్షించి, ఏది లొంగింది, ఏది తట్టుకుంది చూసి తెగకో నంబరు ఇచ్చారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది: మనం ఒక కన్నం పూడ్చేలోగా వైరస్ కొత్త వేషం కడుతుంది.

1939లో కనిపించిన 15బి అనే తెగ 1950లో ఒక్కసారిగా విజృంభించింది. ఆయన 1953లో రిటైరయ్యారు. మరుసటేడే అమెరికాలో పాస్తాకి వాడే డ్యూరమ్ గోధుమ నాలుగింట మూడొంతుల దాకా నాశనమైంది.

1937లో ఆయన ఉపన్యాసం విని అడవుల చదువు వదిలి ఇటొచ్చిన కుర్రాడే నార్మన్ బోర్లాగ్. తర్వాత మెక్సికోలో ఆయన తయారుచేసిన గోధుమలే 1960లలో పంజాబుకి చేరాయి. 1970లో నోబెల్ శిష్యుడికి వచ్చింది. గురువు పేరు నా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చూసిన గుర్తు లేదు.

1979లో స్టాక్‌మన్ పోయారు. 1998లో ఉగాండాలో, ప్రపంచం నమ్ముకున్న గోధుమల్ని కూడా లొంగదీసే తెగ ఒకటి బయటపడింది. దానికి యూజీ99 అని పేరు పెట్టారు. 2005లో, తొంభై దాటిన వయసులో, బోర్లాగ్ మళ్ళీ లేచి దేశదేశాలకీ హెచ్చరికలు చేయాల్సొచ్చింది.